ఎన్ని వేలకు మార్చాలి, ఏ ఆయిల్ పోయించాలి?

బండికి ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలని నలుగురిని అడిగి చూడండి, నాలుగు అంకెలు వస్తాయి. వీధి చివరి షెడ్డులో మెకానిక్ "రెండు వేలకే మార్చెయ్యాలన్నా, లేకపోతే ఇంజన్ బోరుకొస్తది" అంటాడు. షోరూంవాళ్లు మూడు వేలకోసారి ఫోన్ చేసి రమ్మంటారు. పక్కింటాయన తన బండి ఎనిమిది వేలు తిరిగినా చెక్కుచెదరలేదంటాడు. బండితోపాటు వచ్చిన మాన్యువల్ ఆరు వేలని చెబుతుంది గానీ, దాన్ని అడిగేవాడెవడు? అది ఇన్సూరెన్స్ కాగితాల కింద, ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా బీరువాలో పడి ఉంటుంది.

మొదలుపెట్టాల్సింది ఆ పుస్తకంతోనే. మన దగ్గర ఎక్కువగా తిరిగే 100, 110 సీసీ బండ్లకు చాలావరకు 6,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, మధ్యలో 3,000 దగ్గర లెవెల్ చూసి తగ్గినంత పోయమని ఉంటుంది. పెట్రోల్ కార్లకు ఎక్కువగా 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. అయితే ఆ అంకె పక్కనే చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది. దుమ్ము రోడ్లు, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, దగ్గరి ప్రయాణాలు, అధిక బరువు ఉంటే ఇంకా ముందే మార్చాలని. ఈ నాలుగింటిలో ఒక్కటైనా లేని బండి మన ఊళ్లలో దొరుకుతుందా? మెకానిక్ చెప్పే రెండు వేలు, మాన్యువల్ చెప్పే ఆరు వేలు, ఈ రెంటి మధ్య మీ అంకె ఎక్కడుందో తేల్చేది ఆ షరతే.

అదెలా తేలుతుందో తెలియాలంటే ఇంజన్‌లో ఆయిల్ ఎలా పాడవుతుందో కాస్త చూడాలి. ఎడ్లబండి ఇరుసుకు కందెన వేసిన రోజుల నుంచి, రాపిడి తగ్గించడమే దాని పని అన్న అభిప్రాయం మనలో ఉండిపోయింది. ఇంజన్‌లో దానికి చాలా పనులున్నాయి. పిస్టన్ దగ్గరి వేడిని మోసుకొస్తుంది. మసిని కడిగి, ఎక్కడా పేరుకోకుండా తనలోనే తేల్చి ఉంచుతుంది. రింగులకూ సిలిండరు గోడకూ మధ్య సందును మూస్తుంది. ఇంధనం కాలినప్పుడు పుట్టే ఆమ్లాలను విరిచేస్తుంది. వీటిలో సగానికి సగం పనులు చేసేవి ఆయిల్‌లో కలిపిన రసాయనాలు. ముందు ఖర్చయిపోయేవి కూడా అవే.

దీనికి తోడు నీళ్లు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుందంటే చాలామంది నమ్మరు. అందులో ఎక్కువ భాగం ఆవిరిగా సైలెన్సర్‌లోంచి పోతుంది. పొద్దున్నే సైలెన్సర్ చివర చుక్కలు కారేది అదే. కొద్ది భాగం మాత్రం రింగుల పక్క నుంచి కిందికి, ఆయిల్‌లోకి దిగుతుంది. కాలని పెట్రోలు కూడా కొంత దానితో దిగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కి అరగంట నడిస్తే ఈ రెండూ ఆవిరై బయటికి పోతాయి. రెండు కిలోమీటర్లు నడిపి ఆపేస్తే పోవు, అక్కడే పేరుకుంటాయి.

అందుకే రిటైరైన మాస్టారు స్కూటరు, గుడికీ కూరగాయల మార్కెట్టుకూ తప్ప బయటికి రానిది, ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగనిది, చూడటానికి కొత్తగా ఉన్నా లోపల ఆయిల్ సుఖంగా లేనట్టే లెక్క. "ఆరు వేలు కావడానికి ఇంకా ఐదేళ్లు పడుతుంది కదండీ" అంటారాయన. కాదండీ. కిలోమీటర్లు ఎన్నయినా ఏడాదికోసారి మార్చాల్సిందే. దానికి పూర్తి వ్యతిరేకం ఫుడ్ డెలివరీ కుర్రాడి బండి. రోజుకు 120 కిలోమీటర్లు తిరిగితే యాభై రోజుల్లో ఆరు వేలు దాటిపోతుంది. నెలకోసారి సర్వీసింగ్ అంటే అతను నవ్వుతాడు. కానీ అతని ఆయిల్‌కు నెల అంటే మాస్టారి ఆయిల్‌కు మూడేళ్ల పైమాట.

మీటరు చూపించే కిలోమీటర్లకూ ఇంజన్ నిజంగా పడ్డ కష్టానికీ పొంతన కుదరకపోవడం ఇక్కడే కనిపిస్తుంది. ఒక లెక్క వేయండి. జాతీయ రహదారి మీద గంటకు 50 చొప్పున పోయే బండి 6,000 కిలోమీటర్లు తిరగడానికి ఇంజన్ 120 గంటలు నడుస్తుంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ గంటకు 15 చొప్పున పాకే బండికి అదే 6,000 కిలోమీటర్లకు 400 గంటలు కావాలి. మీటరు మీద అంకె ఒకటే, ఆయిల్ పడ్డ పాటు మూడు రెట్లు పైనే. పైగా చాలా బైకుల్లో ఇంజన్‌ను చల్లబరిచేది గాలి. బండి ఆగితే గాలీ ఆగుతుంది. ఇదంతా నగరంలో రోజూ ట్రాఫిక్‌లో తిరిగే బండ్లను చూసే షెడ్డు మెకానిక్‌కు అనుభవం మీద తెలుసు, అందుకే తక్కువ అంకె చెబుతాడు. ఆయిల్ డబ్బా అమ్మితే నాలుగు రూపాయలు మిగులుతాయన్నదీ ఉందనుకోండి.

నా మాటగా చెప్పమంటే: నగరంలో రోజూ తిరిగే చిన్న బైకుకు 3,000 నుంచి 4,000 మధ్య మార్చండి. పల్లె నుంచి పట్నానికి తారురోడ్డు మీద ఏకబిగిన వెళ్లొచ్చే బండికి మాన్యువల్ చెప్పిన ఆరు వేలూ హాయిగా వెళ్లొచ్చు. కంకర రోడ్డు, ఇటుక బట్టీ, క్వారీ దారిలో తిరిగేదైతే రెండు వేలన్నా తప్పు లేదు, ఆయిల్ కన్నా ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. కొత్త బండికి మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. 500 నుంచి వెయ్యి కిలోమీటర్ల లోపు వచ్చే మొదటి సర్వీసులో ఆయిల్ మార్పు ఎట్టి పరిస్థితిలోనూ దాటవేయకండి. కొత్త భాగాలు ఒకదానికొకటి అమరేటప్పుడు రాలే సన్నటి లోహపు రజను ఆ ఆయిల్‌లోనే ఉంటుంది.

ట్రాక్టరు రైతుకు ఈ గంటల లెక్క కొత్త కాదు. అతని డాష్‌బోర్డు మీద ఉండేదే గంటల మీటరు. సాధారణంగా 250 గంటలకు ఆయిల్, ఫిల్టరు. దమ్ము రోజుల్లో పన్నెండేసి గంటలు నడిచే ట్రాక్టరుకు ఆ 250 మూడు వారాల్లో వచ్చేస్తాయి. ఆ మూడు వారాలూ బండి ఆపే తీరిక ఉండదు కాబట్టి, సీజన్‌కు ముందే మార్చి పొలంలోకి దింపేవాడు తెలివైనవాడు.

ఇక రంగు సంగతి. "నల్లబడిపోయిందన్నా, చూడు" అని మెకానిక్ వేలికి రాసుకుని చూపించగానే మనం జేబులో చెయ్యి పెడతాం. ఆయిల్ నల్లబడిందంటే మసిని కడిగే పని చేస్తోందని అర్థం. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసి నాలుగు రోజులు నడిపితే చాలు, కాటుక రంగులోకి దిగుతుంది. అది పాడైనట్టు కాదు. వేల కిలోమీటర్లు తిరిగినా ఏ మాత్రం రంగు మారని ఆయిల్‌నే నేను అనుమానిస్తాను. భయపడాల్సిన రంగు ఒకటుంది. పాలు ఎక్కువ పోసిన టీ రంగు. అలా కనిపిస్తే నీళ్లు కలిశాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు వేల బండ్లు నీళ్లలో ఉండిపోయాయి. అలాంటి బండిని నీరు తీయగానే కిక్ కొట్టి చూడటం, కారైతే తాళం తిప్పి చూడటం చేయనే కూడదు. సిలిండరులో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్టార్ట్ చేయకుండా తోసుకెళ్లి, ఆయిల్ దించి, సిలిండరు ఆరబెట్టి, కొత్త ఆయిల్ పోసి, కాసేపు నడిపి, అదీ దించేసి మళ్లీ పోయాలి. తక్కువ రకం ఆయిలైనా సరే, రెండుసార్లు మార్చడమే ముఖ్యం.

ఇంతసేపూ ఎప్పుడు మార్చాలన్నది మాట్లాడుకున్నాం గానీ, చిన్న ఇంజన్లను తినేసేది పాత ఆయిల్ కన్నా తక్కువ ఆయిల్. మామూలు బైకులో పట్టేదే లీటరు లోపు. స్కూటరులో అంతకన్నా తక్కువ. అందులోంచి మూడు వందల మిల్లీలీటర్లు రింగుల గుండా కాలిపోతే, లేదా డ్రెయిన్ బోల్టు దగ్గర చుక్కచుక్కగా కారిపోతే, మూడో వంతు పోయినట్టు. ఆ మిగిలిందే మొత్తం వేడిని మోయాలి, మొత్తం మసిని మోయాలి. ఎంత ఖరీదైన సింథటిక్ పోసినా గిన్నెలో లేని ఆయిల్ ఏ పనీ చేయదు. బైకుల్లో చాలావాటికి ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు కూడా ఉండదు. ఇంజన్ పట్టేసి చక్రం జామైనప్పుడే తెలుస్తుంది.

కనుక నెలకోసారి, లేదా వెయ్యి కిలోమీటర్లకోసారి, డిప్‌స్టిక్ తీసి చూడండి. మెకానిక్ అక్కర్లేదు. బండిని చదునైన చోట సెంటర్ స్టాండ్ వేయండి. సైడ్ స్టాండ్ మీద చూస్తే తప్పుడు లెక్క వస్తుంది. మూడు నాలుగు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగండి, పైన ఉన్న ఆయిల్ కిందికి దిగాలి. మూత విప్పి పుల్లను శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. చాలా బండ్లలో మర తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి. బిగించి తీస్తే ఆయిల్ నిజంగా ఉన్నదాని కన్నా ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. ఇది షెడ్డుల్లో పనిచేసే కుర్రాళ్లలోనూ చాలామందికి పట్టదు. తడి రెండు గీతల మధ్య ఉంటే సరే. కింది గీత దగ్గరికి దిగితే పోయండి. కొన్ని బండ్లకు పుల్ల బదులు ఇంజన్ పక్కన గాజు బిళ్ల ఉంటుంది, బండిని నిటారుగా నిలబెట్టి అందులో చూస్తే చాలు.

పై గీత దాటి పోయడమూ తప్పే. క్రాంక్ దాన్ని చిలికి నురుగు చేస్తుంది, నురుగులో పట్టు ఉండదు, సీళ్లు కారతాయి. దుకాణంలో దొరికేవి 900 మిల్లీలీటర్ల డబ్బాలూ ఉంటాయి, లీటరు డబ్బాలూ ఉంటాయి. "మిగిలింది ఎందుకులే సార్" అని మొత్తం వంచేసే అలవాటు చాలామందిది. మిగిలిన వంద మిల్లీలీటర్లు మూత బిగించి ఇంటికి తెచ్చుకోండి. మధ్యలో టాపప్‌కు అదే పనికొస్తుంది. దారిలో అదే బ్రాండు దొరక్కపోతే, అదే గ్రేడు ఉన్న వేరే కంపెనీ ఆయిల్ కలిపినా ఇంజన్‌కు ఏమీ కాదు. తక్కువ ఆయిల్‌తో నడపడం కన్నా వెయ్యి రెట్లు నయం.

కారులో ఎర్రటి అల్లావుద్దీన్ దీపం లాంటి గుర్తు వెలుగుతుంది. దాన్ని "ఆయిల్ తగ్గింది, సాయంత్రం చూద్దాం" అనే లైటు అనుకుంటారు చాలామంది. అది చెప్పేది ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. అంటే ఆ క్షణంలో బేరింగుల దాకా ఆయిల్ అందడం లేదు. పక్క బంకు దాకా పోదామనుకోకుండా అక్కడే పక్కకు తీసి ఇంజన్ ఆపాలి.

ఇప్పుడు ఏ ఆయిల్ అన్న ప్రశ్న. డబ్బా ముందు వైపు రేసు బండి బొమ్మ, పెద్ద పెద్ద మాటలు ఉంటాయి. డబ్బా తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. మీకు కావలసినవి మూడే. మొదటిది 10డబ్ల్యూ-30 లాంటి చిక్కదనం లెక్క. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, తక్కువైతే మంచిది. వెనక అంకె 100 డిగ్రీల వేడి దగ్గర ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. రెండోది ఏపీఐ గుర్తు. పెట్రోలు ఇంజన్‌కు ఎస్‌తో, డీజిల్‌కు సీతో మొదలవుతుంది. ఎస్ పక్కన అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ కొత్త ప్రమాణం. ఎస్‌ఎల్ 2001 నాటిది, ఎస్‌ఎన్ 2010ది, ఎస్‌పీ 2020ది. మాన్యువల్ ఎస్‌ఎల్ అడిగితే ఎస్‌ఎన్ పోయొచ్చు, వెనక్కి పోకూడదు.

మూడోది బైకులకు అన్నిటికన్నా ముఖ్యం, జాసో గుర్తు. 1998లో జపాన్‌వాళ్లు పెట్టిన ప్రమాణం ఇది. మన బైకుల్లో ఇంజన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో మైలేజీ కోసం రాపిడిని ఇంకా తగ్గించే రసాయనాలు కలుపుతారు. అవి క్లచ్ ప్లేట్లకు పడవు, ప్లేట్లు పట్టాలంటే రాపిడి కావాలి మరి. ఇంట్లో కారుకు పోయగా మిగిలిన ఖరీదైన ఆయిల్ ఉందని బైకులో పోస్తే, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం లాగదు. బైకుకు జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. గేర్లు లేని స్కూటరు క్లచ్ ఆయిల్‌లో ఉండదు, వెనక పొడిగా ఉంటుంది. దానికి జాసో ఎంబీ గుర్తున్న ఆయిల్ సరిపోతుంది, కాస్త మైలేజీ కూడా కలిసొస్తుంది. స్కూటరులో ఎంఏ పోసినా నష్టం లేదు. బైకులో ఎంబీ పోస్తేనే చిక్కు.

"మన ఎండలకు చిక్కటి ఆయిల్ పోయాలి సార్, ఆ 10డబ్ల్యూ-30 నీళ్లలా ఉంటుంది" అనే మాట ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది. పాత ఇంజన్ల రోజుల్లో ఆ మాటకు బలం ఉండేది. కొన్ని బైకులకు ఇప్పటికీ 20డబ్ల్యూ-50, రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లలో చాలావాటికి 15డబ్ల్యూ-50 కంపెనీలే అడుగుతాయి, అక్కడ అదే పోయాలి. కానీ 10డబ్ల్యూ-30 అడిగే ఇంజన్‌లో సందులు సన్నగా ఉంటాయి, ఆయిల్ పంపు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే పైనున్న క్యామ్ దాకా చేరడానికి ఆలస్యమవుతుంది, మైలేజీ తగ్గుతుంది. రెంటచింతల ఎండ, లంబసింగి చలి రెండూ ఉన్న దేశానికే బండి కంపెనీ ఆ అంకె రాసింది. కొత్త పెట్రోల్ కార్లలో కొన్నిటికి 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 వంటి పలుచటి ఆయిల్ చెప్పినా భయపడకండి, అదే పోయండి.

బీఎస్6 డీజిల్ కార్లవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. మామూలు డీజిల్ ఆయిల్ కాలితే మిగిలే బూడిద దాన్ని మూసేస్తుంది, అందుకే బూడిద తక్కువ వచ్చే సీ2, సీ3 రకం ఆయిల్ (ఇది ఏపీఐ సీ కాదు, వేరే ప్రమాణం) అడుగుతారు. ఆ జల్లెడను కాల్చి శుభ్రం చేసుకోవడానికి బండి అదనంగా డీజిల్ చిమ్ముతుంది, ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిరిగితే ఆ డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద లెవెల్ పెరిగినట్టు కనిపిస్తే సంతోషించకండి, మార్పించండి.

మినరలా, సింథటికా అన్నదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. సింథటిక్ వేడికి తట్టుకుంటుంది, తక్కువగా ఆవిరవుతుంది. టర్బో ఉన్న కారుకు, పెద్ద బైకుకు, ఎండలో ట్రాఫిక్‌లో నలిగే బండికి డబ్బు పెట్టొచ్చు. కానీ అందులోనూ దుమ్ము పడుతుంది, నీరు చేరుతుంది, పెట్రోలు కలుస్తుంది. ఆరు వేలు చెప్పిన బండిని "సింథటిక్ కదా" అని పన్నెండు వేలు నడపడం పొదుపు కాదు. డబ్బులు కష్టమైతే మాన్యువల్ అడిగిన గ్రేడులో మామూలు ఆయిల్ కొని, వేళకు మార్చండి. సర్వోనా, హెచ్‌పీనా, మ్యాకా, క్యాస్ట్రాలా అన్న వాదన టీ కొట్టు దగ్గర కాలక్షేపానికి బాగుంటుంది. గ్రేడు, గుర్తు సరిగా ఉన్న అసలు డబ్బా ఏదైనా మీ ఇంజన్‌కు ఒకటే.

అసలు డబ్బా అన్నది మాత్రం గట్టి మాట. వాడిన ఆయిల్‌ను వడగట్టి, రంగు తేల్చి, పాత డబ్బాల్లో నింపి అమ్మే వ్యాపారం మన దగ్గర ఉంది. బజారు రేటు కన్నా బాగా తక్కువకు ఇస్తానంటే కొనకండి. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ జోలికి పోకండి. మూత సీలు, తయారీ నెల చూడండి, క్యూఆర్ కోడ్ ఉంటే ఫోనుతో సరిచూసుకోండి. డబ్బా మీ ముందే విప్పించండి. పాత ఆయిల్ దించేటప్పుడు కూడా అక్కడే నిలబడండి, ఇంజన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు దించితే మసి కూడా దానితో వస్తుంది. దిగుతున్న ధార చుక్కలుగా మారేదాకా ఆగమనండి. డ్రెయిన్ బోల్టు వాషర్ కొత్తది వేయించండి, పది రూపాయల వస్తువు. బోల్టును బలం కొద్దీ బిగించనివ్వకండి, అల్యూమినియం మరలు పోతే కారుడు ఆపడం కష్టం. స్ప్లెండర్ లాంటి బండ్లలో కాగితం ఫిల్టరు ఉండదు, లోపల జల్లెడ ఉంటుంది, దాన్ని సమయానికి కడగాలి. పల్సర్ లాంటివాటికి ఫిల్టరు ఉంది, ఆయిల్ మార్చి దాన్ని మార్చకపోతే సగం పనే.

ఇంట్లోనే మార్చుకునేవాళ్లు దించిన ఆయిల్‌ను కాలువలో వంచకండి. సెంట్రింగ్ మేస్త్రీలు చెక్కలకు పూయడానికి, పల్లెల్లో గుంజలకు చెద పట్టకుండా రాయడానికి అడుగుతారు, కానీ అందులో లోహాలు, కేన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి, చేతులతో పూసే వస్తువు కాదది. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ సేకరించే వర్క్‌షాపులో ఇవ్వండి. ఖాళీ అయిన కొత్త డబ్బాను మాత్రం షెడ్డులోనో పాత సామాన్లవాడికో అలాగే వదిలేయకండి. నకిలీ ఆయిల్‌కు కావలసింది సీసా, మూత, లేబుల్ చెడని ఆ డబ్బాయే. మెకానిక్‌ను బ్లేడు అడిగి, లేబుల్ మీదుగా ఒక గాటు పెట్టి ఇవ్వండి.